పెద్ద యూనివర్సిటీ చదువు: ఒక ఇంటి లెక్క



వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని వార్డెన్ సార్ అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు అందరూ రాస్తారు. నీళ్ల సాంబారు గురించి, ఆదివారం కోడికూర గురించి, ట్రంకుపెట్టె తాళంచెవి పోగొట్టుకున్న రోజుల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో ఉన్నారు. నేను కామర్స్ చదివినవాణ్ణి. అందుకే ఒక లెక్క రాస్తాను. ఏటా మే, జూన్ నెలల్లో తమ్ముళ్లు ఫోన్ చేసి నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బెంగళూరులో ఫలానా క్రిస్టియన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. లక్షల్లో ఫీజు అంటా ఉండారు. చేరితే ఉద్యోగం వస్తాదా? పెట్టిన డబ్బు తిరిగి వస్తాదా?" ఫోనులో రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా నాయన మామిడి కాలంలో మండీలో బుట్టలు మోస్తాడు, తక్కిన కాలంలో కూలికి పోతాడు. మాకు ఎనభై సెంట్ల డీకేటీ భూమి ఉంది. అందులో ఉన్నవి బెంగుళూరా చెట్లే, అంటే తోతాపురి. 2025 వేసవిలో ఆ కాయ ధర ఎలా పడిపోయిందో బంగారుపాళ్యం వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, తాను 4 రూపాయలు కలుపుతాను అని ప్రభుత్వం చెప్పవలసి వచ్చిన ఏడాది అది. అటువంటి ఇంట్లో నేను మొదటి డిగ్రీవాణ్ణి. పదో తరగతి దాకా ఈ హాస్టల్. డిగ్రీ చిత్తూరు పి.వి.కె.ఎన్. ప్రభుత్వ కళాశాల. ఎం.కామ్. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. 2025లో పూర్తయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. "క్రిస్టియన్ కాలేజీ" అనే మాటకు మన వైపు ఒక విలువ ఉంది. ఊరికే వచ్చింది కాదు అది. మా అవ్వకు గుండె నొప్పి వస్తే ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట "రాయవేలూరుకు తీసుకుపోండి" అనే. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఆ ఆసుపత్రిని 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టింది. మగపిల్లల్ని అక్కడ చేర్చుకున్నది 1947లో. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు వైద్యం చేసిన శానిటోరియం కూడా మిషన్లు కలిసి పెట్టినదే. ఆర్కాటు మిషన్ వాళ్లు చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల్లో బడులు పెట్టారు. ఇంకో బడి గడప తొక్కనివ్వని కాలంలో మన తాతల్లో కొందరు అక్షరాలు దిద్దింది ఆ బడుల్లోనే.

కోస్తా వైపు చూస్తే మచిలీపట్నం నోబుల్ కాలేజీ 1843లో మొదలైంది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో, విజయవాడ ఆంధ్ర లయోలా 1953లో వచ్చాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ మూలాలు 1837 నాటివి. ఇంత చరిత్ర ఉంది కాబట్టే పేరులో "క్రిస్టియన్" అని గానీ "సెయింట్" అని గానీ కనిపిస్తే మన అమ్మనాన్నలకు నమ్మకం కలుగుతుంది. క్రమశిక్షణ ఉంటుంది, ఇంగ్లీషు వస్తుంది, పేదవాడని తోసెయ్యరు అనుకుంటారు.

ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే ఒకే పేరు కింద మూడు రకాల సంస్థలు ఉన్నాయని చేరేముందు తెలుసుకోవాలి. మూడింటిలోనూ ఫీజు కట్టేవాడు వేరు.

మొదటి రకం రాయవేలూరు సి.ఎం.సి. లాంటిది. అక్కడ వైద్య విద్యకు ట్యూషన్ ఫీజు ఏళ్ల తరబడి వేలల్లోనే ఉంచారు. బయట ప్రైవేటు వైద్య కళాశాలల్లో అదే చదువు లక్షల్లో ఉంటుంది. చదివించే ఖర్చును ఎక్కువ భాగం సంస్థే మోస్తుంది. దానికి బదులుగా స్పాన్సర్ అయిన విద్యార్థి చదువు అయ్యాక రెండేళ్లు మిషన్ ఆసుపత్రుల్లో, అవసరమున్న చోట పని చెయ్యాలి. అంటే అక్కడ ఫీజును సేవతో కడతారు.

రెండో రకం ఎయిడెడ్ కాలేజీ. మిషన్ వాళ్లు కాలేజీ కట్టారు, లెక్చరర్లకు ప్రభుత్వం జీతం ఇస్తుంది. అందువల్ల ఎయిడెడ్ కోర్సులో ఫీజు తక్కువ. అదే కాలేజీలో, అదే కోర్సు, "సెల్ఫ్ ఫైనాన్స్" సెక్షనులో చేరితే ఫీజు ఎన్నో రెట్లు. గేటు ఒకటే, యూనిఫాం ఒకటే, సర్టిఫికెట్టు ఒకటే. ఫారంలో టిక్కు పెట్టిన గడి మాత్రం వేరు. మన పిల్లలు చాలామంది ఈ తేడా తెలియకుండానే ఫారం నింపుతారు. మన రాష్ట్రంలో 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించే విధానం వచ్చినప్పుడు చాలా కాలేజీల్లో ఈ తక్కువ ఫీజు సీట్లు ఏమవుతాయోనని గగ్గోలు పుట్టింది. ఆ ఏడాది నవంబరులో అనంతపురం ఎస్.ఎస్.బి.ఎన్. కాలేజీ దగ్గర విద్యార్థుల మీద లాఠీలు లేచిన సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది క్రైస్తవ కాలేజీ కాదు. కానీ గొడవ అదే. ఫీజు ఎవరు కట్టాలి?

మూడో రకం ప్రైవేటు విశ్వవిద్యాలయం, లేదా డీమ్డ్ విశ్వవిద్యాలయం. కోయంబత్తూరు కారుణ్య 1986లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2004లో డీమ్డ్ హోదా పొందింది. బెంగళూరు క్రైస్ట్ 1969లో కాలేజీగా మొదలై 2008లో డీమ్డ్ అయింది. ఇటువంటి చోట్ల భవనాలు, ల్యాబులు, లైబ్రరీ, క్రమశిక్షణ బాగుంటాయి. కానీ మూల ధనం విద్యార్థి ఫీజే. ఎవరైనా స్కాలర్‌షిప్ ఇస్తే తప్ప కట్టేది మన అమ్మనాన్నలే.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. రాజ్యాంగం 15(5) అధికరణం ప్రైవేటు కాలేజీల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సీట్లు కేటాయించే వీలు కల్పించింది. కానీ మైనారిటీ విద్యాసంస్థలను అందులోంచి మినహాయించింది. కాబట్టి క్రైస్తవ మైనారిటీ హోదా ఉన్న చోట మన రిజర్వేషన్ తప్పనిసరి కాదు. వాళ్లు తమంతట తాము ఇస్తే ఇచ్చినట్టు. మన హాస్టల్లో కొందరి అమ్మానాన్నలు చర్చికి పోతారు. "పాస్టరు గారి లెటరు ఉంటే ఫీజు తగ్గిస్తారు" అనే మాట మన ఊళ్లల్లో తరచూ వింటాం. కొన్ని చోట్ల తగ్గించవచ్చు. ఎంత తగ్గిస్తారు, ఎన్నేళ్లు తగ్గిస్తారు అనేది కాగితం మీద రాసి ఇస్తేనే లెక్కలోకి తీసుకోండి. నోటి మాట మీద ఫీజు కట్టొద్దు.

ఇప్పుడు నా లెక్క. 2023లో డిగ్రీ అయ్యాక నేను, హాస్టల్లో ఐదేళ్లు నా పక్కన చాప వేసుకుని పడుకున్న స్నేహితుడు, ఇద్దరం కలిసి దరఖాస్తులు పెట్టాం. ఇద్దరికీ బెంగళూరులోని ఒక ప్రైవేటు క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. సీటు వచ్చింది. నాకు తిరుపతిలో ఎం.కామ్. సీటు కూడా వచ్చింది. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో జీవో 77 అమల్లో ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన ఆ ఉత్తర్వు వల్ల ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. విశ్వవిద్యాలయ క్యాంపస్ సీట్లకు ఉంది. బెంగళూరు సీటుకైతే మొత్తం మేమే కట్టుకోవాలి.

ఆ ఉత్తరం వచ్చిన వారం మా ఇంట్లో నిద్ర లేదు. నాయన అన్నాడు. "ఆవునమ్ముదాం. ఆవు మళ్లీ కొనుక్కోవచ్చు. సీటు ఇంకో తూరి రాదు గదరా." అమ్మ చెవులకున్న కమ్మలు తడుముకుంది, మాట్లాడలేదు. అవ్వ మాత్రం ఒక ప్రశ్న అడిగింది. "ఆడ చదివినోళ్లు మన ఊర్లో ఎవురన్నా ఉండారా? వాళ్లింటికి పొయ్యి అడిగొచ్చినావా?" చదువు రాని అవ్వ అడిగిన ఆ ప్రశ్నకు మించిన ప్రశ్న నేను రెండేళ్ల ఎం.కామ్.లో కూడా వినలేదు. ఆ యూనివర్సిటీలో చదివిన మన మండలం వాళ్లెవరూ మాకు దొరకలేదు. నేను తిరుపతికి పోయాను. నా స్నేహితుడు బెంగళూరుకు పోయాడు. ఇద్దరం ఎవరి కారణాలతో వాళ్లం ఆలోచించుకునే పోయాం. మొన్న ఇద్దరం మొగిలి గుడి దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాం. వాడి అనుమతితోనే ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

వాడి ఖర్చు: రెండేళ్ల ఫీజు 3,60,000. హాస్టలు, తిండి 1,98,000. ల్యాప్‌టాప్, పుస్తకాలు, ప్రయాణాలు 62,000. మొత్తం 6,20,000 రూపాయలు. ఇందులో బ్యాంకు విద్యారుణం 4,00,000. వాళ్లమ్మ ద్వాక్రా సంఘంలో తీసుకున్నది 1,00,000. ఆవును అమ్మి, కమ్మలు కుదవ పెట్టి తెచ్చింది 1,20,000.

నా ఖర్చు: ఫీజు పథకం కింద పోయింది. మెస్ బిల్లులకు వచ్చిన సాయం పోగా రెండేళ్లలో మేము చేతి నుంచి పెట్టుకున్నది 58,000. అందులో సగం వేసవి సెలవుల్లో మండీలో తూకం చీటీలు రాసి సంపాదించాను.

ఇద్దరి మధ్య తేడా 5,62,000 రూపాయలు.

ఇప్పుడు రాబడి. వాడికి క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చింది. చేతికి నెలకు 26,000. నేను చిత్తూరులో ఒక ఆడిటరు ఆఫీసులో పని చేస్తూ పోటీ పరీక్షలకు చదువుతున్నాను. చేతికి 13,000. వాడి జీతం నా జీతానికి సరిగ్గా రెట్టింపు. ఊళ్లో అందరూ చూసేది ఇంతవరకే. కానీ వాడికి బెంగళూరులో గది, తిండి, బస్సు కలిపి 15,000 అవుతుంది. నేను ఇంట్లో ఉంటాను కాబట్టి నాకు 4,000తో గడుస్తుంది. అంటే వాడికి మిగిలేది 11,000, నాకు మిగిలేది 9,000. జీతంలో తేడా 13,000. మిగులులో తేడా 2,000.

ఈ 2,000తో ఆ 5,62,000 పూడాలంటే ఎన్ని నెలలు పడుతుంది? 281 నెలలు. ఇరవై మూడేళ్లు దాటుతుంది. బ్యాంకు వడ్డీ కలపకుండానే. ఈ అంకె చూసి మావాడు కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

అయితే లెక్క అక్కడితో ఆపితే అది తప్పుడు లెక్క అవుతుంది. కామర్స్ చదివినవాడు ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు. వాడి కంపెనీలో రెండు మూడేళ్లు నిలదొక్కుకున్న సీనియర్లకు 40,000 దాకా వస్తోందట. వాడి జీతం అంతకు చేరి, నాది ఇక్కడే ఉండిపోతే, మిగులులో తేడా నెలకు 16,000 అవుతుంది. అప్పుడు అదే 5,62,000 పూడడానికి 35 నెలలు చాలు. మూడేళ్లు! ఇరవై మూడేళ్లకూ మూడేళ్లకూ మధ్య ఉన్నది మొదటి జీతం కాదు, మూడో ఏటి జీతం. కాబట్టి ఒక యూనివర్సిటీని అడగవలసింది "మొదటి ఉద్యోగం ఎంతకు వస్తుంది" అని ఒక్కటే కాదు. "మూడేళ్ల కిందట చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు" అని కూడా అడగాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ మూడేళ్లు మన ఇల్లు ఊపిరి బిగపట్టుకుని ఉండగలదా? వాడి విద్యారుణం కంతు చదువైన ఏడాది తర్వాత మొదలవుతుంది. 4,00,000కు నూటికి పది వడ్డీతో ఏడేళ్లు కడితే నెలకు 6,640 రూపాయలు. మొత్తం కట్టేది ఐదున్నర లక్షలు దాటుతుంది. 11,000 మిగులులో 6,640 కంతుకు పోతే 4,360. అందులో నుంచే అమ్మ ద్వాక్రా వాయిదాకు పంపాలి, నాయన మందులకు పంపాలి. ఆ మధ్యలో ఒక జబ్బు చేసినా, కంపెనీ మనుషుల్ని తగ్గించినా నిలబడడానికి చెయ్యి ఆసరా ఉండదు. డబ్బున్న ఇంటి పిల్లవాడికి అదే చదువు, అదే జీతం. కానీ వాడికి నాన్న ఉన్నాడు. మనకు నాన్న చూసుకునేది మనల్ని.

ఒక మంచి సంగతి చెబుతాను. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, నాక్ గుర్తింపు ఉన్న సంస్థల్లో వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవాళ్లకు, చదివే కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీని కేంద్రం భరించే పథకం 2009లో మొదలైంది. మావాడు ఆదాయ ధ్రువపత్రం సకాలంలో పెట్టాడు కాబట్టి దాదాపు లక్ష రూపాయల వడ్డీ తప్పింది. మేనేజరు గారు తమంతట తాము చెప్పలేదు, వాడే అడిగాడు. నాలుగు లక్షల లోపు రుణానికి మన దగ్గర నుంచి ఆస్తి తాకట్టు అడగనక్కరలేదు అనే సంగతి కూడా గుర్తుంచుకోండి. వడ్డీ రేటు, నిబంధనలు మారుతూ ఉంటాయి. చేరే ఏడాది ఏవి ఉన్నాయో సచివాలయంలోనూ, బ్యాంకులోనూ, జ్ఞానభూమి పోర్టల్లోనూ చూసుకోండి.

ఇదంతా డబ్బు లెక్క. డబ్బుతో కొలవలేనిది కూడా వాడికి అక్కడ దొరికింది. వాడు ఇప్పుడు పదిమంది ముందు నిలబడి ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడతాడు. మేనేజరుతో "నాకు ఇది అర్థం కాలేదు" అని చెప్పగలడు. హాస్టల్లో పేరు పిలిస్తే చొక్కా అంచు నలిపేవాడు వాడే అంటే మీరు నమ్మరు. అక్కడ మొదటి సెమిస్టరులో వాడు పడ్డ కష్టం కూడా తక్కువ కాదు. క్యాంటీనులో ఒక పూట టీ ధర చూసి తాగకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి. ఆ మాట వాడు వాళ్లమ్మకు చెప్పలేదు. నాకు తిరుపతిలో దొరికింది వేరు. అప్పు లేని నిద్ర, నాలాంటివాళ్లే నిండిన లైబ్రరీ, రెండేళ్లు పరీక్షలకు చదువుకునే వెసులుబాటు. కానీ కంపెనీ వాళ్లెవరూ మా తరగతి గుమ్మం దాకా రాలేదు. ఉద్యోగం నేనే వెతుక్కోవాలి. ఎవరు గెలిచారు అని అడగకండి. మా ఇద్దరికీ ఇరవై మూడేళ్లే.

మూడో లెక్క మా ఇంటి పక్క అక్కది. ఆమె ఒక మిషన్ ఆసుపత్రికి చెందిన నర్సింగ్ కాలేజీలో నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. ఫీజు తక్కువ, హాస్టలు క్యాంపస్‌లోనే. చదువయ్యాక రెండేళ్లు అక్కడే పని చెయ్యాలని బాండు. ఆ రెండేళ్లు బయట ఎక్కువ జీతం ఇస్తామన్నా పోలేకపోయింది. ఒక పెళ్లి సంబంధం కూడా ఆ బాండు వల్లే దాటిపోయిందని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ ఆ రెండేళ్ల అనుభవమే ఆమెకు పెట్టుబడి అయింది. ఈరోజు ఆమె పేరు మీద ఒక్క రూపాయి అప్పు లేదు. నెలకు 24,000 తెచ్చుకుంటోంది, తమ్ముణ్ణి చదివిస్తోంది.

బాండు అంటే భయపడేవాళ్లకు ఒక మాట. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. దానికి బదులుగా తిరిగొచ్చి పదేళ్లు బరోడా సంస్థానంలో పని చేస్తానని ఆయన ఒప్పందం రాసిచ్చారు. 1917లో ఆ మాట ప్రకారమే బరోడాకు వెళ్లారు. కులం పేరు చెప్పి ఉండడానికి ఇల్లు ఇవ్వకపోవడంతో అక్కడ ఉండలేకపోయారు. అంతటివాడి చదువు వెనుక కూడా ఎవరు కట్టారు, బదులుగా ఏమడిగారు అనే లెక్క ఉంది. ఆ లెక్క తెలుసుకోవడం చిన్నతనం కాదు.

ఇక బ్రోషరు చదివే విధానం. బ్రోషరులో పెద్ద అక్షరాలతో "అత్యధిక ప్యాకేజీ" అని ఉంటుంది. అది ఒక్కడికి వచ్చిన జీతం. మన మార్కెట్ యార్డులో ఒక రైతు మేలురకం కాయకు మంచి ధర తెచ్చుకుంటే, ఆ రోజు యార్డుకొచ్చిన ట్రాక్టర్లన్నింటికీ అదే ధర వచ్చినట్టా? "సగటు ప్యాకేజీ" కూడా మోసం చేస్తుంది. తొమ్మిది మందికి రెండేసి లక్షలు, ఒకడికి ఇరవై రెండు లక్షలు వస్తే సగటు నాలుగు లక్షలు. నాలుగు లక్షలు వచ్చినవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. అడగవలసింది మధ్యస్థ జీతం. అందర్నీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడి జీతం అది.

ఈ అంకె దొరికే చోటు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరుతో విద్యాసంస్థలకు ర్యాంకులు ఇస్తోంది. దానికోసం సంస్థలు ఇచ్చిన వివరాలను తమ వెబ్‌సైటులో పెడతాయి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువుకు పోయారు అని ఉంటుంది. ఇంకో గడి మనకు చాలా ముఖ్యం. సామాజికంగా వెనుకబడినవాళ్లు ఎంతమంది, పూర్తి ఫీజు ప్రభుత్వం నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది, సంస్థ తన సొంత నిధుల నుంచి పూర్తి ఫీజు ఇచ్చినవాళ్లు ఎంతమంది, ఏ సాయమూ అందనివాళ్లు ఎంతమంది అని అందులో రాయాలి. "పేదలకు సేవే మా ధ్యేయం" అని గోడ మీద రాసుకున్న సంస్థ ఏదైనా, ఏ మతానిదైనా, ఆ గడిలో ఎంత అంకె వేసిందో చూడండి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మా చెల్లెలు 2026లో డిగ్రీ పూర్తి చేస్తుంది. తనకూ బెంగళూరు పోయి ఎం.బి.ఏ. చదవాలని ఉంది. నాయన మళ్లీ అప్పు మాట ఎత్తాడు. "అన్నకు ఖర్చు పెట్టలా. దానికన్నా పెడదాం" అంటున్నాడు. ఆడపిల్లకు ఎందుకని అనలేదు మా నాయన. అందుకు నేను గర్వపడుతున్నాను. నేను వద్దనీ చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. ఒక నోటు పుస్తకం కొనిచ్చాను. మొదటి పేజీలో ఈ ప్రశ్నలు రాశాను. మీరూ రాసుకోండి.

ఒకటి, నేను చేరే సీటు ఎయిడెడ్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా, డీమ్డా? రెండు, చివరి సెమిస్టరు దాకా ఫీజు, హాస్టలు, పరీక్ష ఫీజు, ప్రయాణం కలిపి మొత్తం ఎంత? మూడు, ఫీజు తగ్గింపు ఉంటే అది కాగితం మీద ఉందా, మార్కులు తగ్గితే తీసేస్తారా? నాలుగు, నా కోర్సులో మధ్యస్థ జీతం ఎంత? యూనివర్సిటీ మొత్తానిది కాదు, నా కోర్సుది. ఐదు, ఆ జీతంలో ఆ ఊరి ఖర్చు, బ్యాంకు కంతు తీసేస్తే ఏం మిగులుతుంది? ఆరు, మధ్యలో ఆపవలసి వస్తే కట్టిన డబ్బులో ఎంత తిరిగి ఇస్తారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే ఇస్తారా? ఏడు, మా అవ్వ ప్రశ్న. అక్కడ చదివిన మనలాంటివాళ్లు ఎవరున్నారు, వాళ్లతో మాట్లాడానా?

ఏడో ప్రశ్నకు మాకు 2023లో జవాబు దొరకలేదు. మీకు దొరుకుతుంది. ఈ హాస్టల్లో చదివి రాయవేలూరులో, బెంగళూరులో, చెన్నైలో, తిరుపతిలో చదువుతున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఇప్పుడు ఉన్నారు. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఈ సంచిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. మీరు ఏ కాలేజీలో చదివారు, మొత్తం ఎంత ఖర్చయింది, ఎంత అప్పు చేశారు, ఇప్పుడు ఎంత వస్తోంది, ఇంకా ఎంత కట్టాలి అని ఒక తెల్లకాగితం మీద రాసి ఆఫీసు రూములో ఇవ్వండి. పేరు రాయనక్కరలేదు. వాటన్నింటినీ ఒక ఫైలులో పెడదామని వార్డెన్ సార్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నారు. నా కాగితం, నా స్నేహితుడి కాగితం ఇప్పటికే అందులో ఉన్నాయి. వచ్చే మే నెలలో సీటు ఉత్తరం పట్టుకుని నిద్రపట్టక కూర్చునే తమ్ముడికి ఏ బ్రోషరు కంటే ఆ ఫైలే ఎక్కువ పనికొస్తుంది.

అందరూ బాగా చదువుకోవాలని, చదువుతో పాటు దాని లెక్క కూడా నేర్చుకోవాలని కోరుకుంటూ,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, బంగారుపాళ్యం